రెండు నెలల లాబ్రడార్ పిల్లకు మంచి డ్రై ఫుడ్ ఎట్ల ఎంచుకోవాలె? (బల్లార్షా, చంద్రపూర్ వైపు వాళ్ళు చెప్పండి)

బొగ్గుగని బిడ్డ | బల్లార్షా

అందరికి నమస్తే. మా ఇంటికి లాబ్రడార్ పిల్ల వచ్చింది, ఆడది. రెండు నెలలది, తూకం ఆరు కిలోలు. పేరు గౌరి. ఇచ్చినాయన పాలల్ల అన్నం కలిపి పెట్టేటోడంట. మా అమ్మ గూడ అదే పెడదామంటున్నది. నేనేమో డ్రై ఫుడ్ మొదలుపెడదామనుకుంటున్న.

ఈడ బజార్ల ఒక దుకాణంల సంచి మూతి ఇప్పి ఖుల్లా అమ్ముతున్నరు, కిలో లెక్కన చవకనే. ఇంకో దుకాణంల సీలు బ్యాగులున్నయి. ఒకదాని మీద 'ప్రీమియం' అని, ఒకదాని మీద 'సూపర్ ప్రీమియం' అని, ఇంకోదాని మీద 'గ్రెయిన్ ఫ్రీ' అని రాసి ఉన్నది. ధరల్లో మూడింతల తేడా. ఏది మంచిదో ఎట్ల గుర్తుపట్టాలె? బ్రాండ్ పేరు చెప్పినా సరే, బ్యాగు మీద ఏం చూడాల్నో చెప్పినా సరే.

రాజురా రజని | రాజురా

తమ్మీ, ముందు ఆ ఖుల్లా దాణా జోలికి పోకు. సంచి ఎప్పుడు ఇప్పిన్రో తెల్వదు, తయారైన తారీఖు తెల్వదు, పెద్ద కుక్కల దాణానా పిల్లల దాణానా అదీ తెల్వదు. మా ఆడపడుచు వాళ్ళు ఖుల్లా తెచ్చి పెడితే పిల్లకు వారం రోజులు విరేచనాలు. దుకాణపాయనను అడిగితే సంచి మీద పేరు గూడ చూపియ్యలేదు. చవక అని తెస్తే డాక్టరు ఖర్చు దానికి మించింది.

మేము మా జెర్మన్ షెపర్డ్‌కు పప్పీ బ్యాగు సీలుదే తెస్తున్నం. బ్రాండ్ సంగతి డాక్టర్ గారు చెప్తే బాగుంటది, ఆయన ఈ గుంపులనే ఉన్నరు.

మూగజీవాల డాక్టరు | చంద్రపూర్

రజని గారు పిలిచారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

బ్యాగు ముందు భాగాన్ని వదిలేయండి. 'ప్రీమియం', 'సూపర్ ప్రీమియం' అన్న మాటలకు ప్రమాణమేదీ లేదు, ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి.

అక్కడ మొట్టమొదట వెతకవలసినది 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అన్న మాట, దాని పక్కనే ఏ వయసు కుక్కకో చెప్పే మాట. 'గ్రోత్' అని గాని 'ఆల్ లైఫ్ స్టేజెస్' అని గాని ఉంటే పిల్లకు పెట్టవచ్చు. 'అడల్ట్ మెయింటెనెన్స్' అని ఉంటే గౌరికి పనికిరాదు. 'కాంప్లిమెంటరీ' అని ఉంటే అది పూర్తి ఆహారమే కాదు, పైపైన పెట్టుకునేది. ఈ మాటలకు ఆధారం అమెరికాలో దాణా నియంత్రణ అధికారుల సంఘం ఆఫ్కో, ఐరోపాలో పెంపుడు జంతువుల ఆహార కంపెనీల సంఘం ఫెడియాఫ్ పెట్టిన పోషక ప్రమాణాలు. ఆఫ్కో ఎవరికీ ముద్ర వేసి ఆమోదం ఇవ్వదు. ప్రమాణం మాత్రమే రాస్తుంది, దాన్ని అందుకునే బాధ్యత కంపెనీదే.

ఆ ప్రమాణంలో నీటిశాతం తీసేసి లెక్కగడితే పెరిగే పిల్లకు ప్రోటీన్ కనీసం 22.5 శాతం, కొవ్వు 8.5 శాతం ఉండాలి. ఎదిగిన కుక్కకు 18, 5.5 చాలు. బ్యాగు మీద వేసే అంకె నీటితో కలిపి వేసినది. నీరు 12 శాతం, ప్రోటీన్ 24 శాతం అని ఉంటే, 24ను 88తో భాగించి నూరుతో గుణించండి, 27.3 వస్తుంది. రెండు బ్యాగులు పోల్చేటప్పుడు ఈ లెక్క తప్పకుండా వేసుకోండి.

లాబ్రడార్ విషయంలో ప్రోటీన్ కంటే ఎక్కువ చూడవలసినది కాల్షియం. ఎదిగాక 32 కిలోలు దాటే జాతుల పిల్లలకు కాల్షియం 1.2 శాతానికి తగ్గకూడదు, 1.8 దాటకూడదు. చిన్న జాతులకైతే 2.5 దాకా పరవాలేదు. ఆడ లాబ్రడార్ చాలాసార్లు ఆ 32 కిలోల హద్దుకు కాస్త ఇవతలే ఆగుతుంది. అయినా నేను 'లార్జ్ బ్రీడ్ పప్పీ' అని రాసి ఉన్నదే తెమ్మంటాను. ఆరు నెలల లోపు పిల్ల పేగులు అవసరం లేని కాల్షియాన్ని ఆపలేవు, పెట్టినదాంట్లో చాలా భాగం లోపలికి వెళ్ళిపోతుంది. కీళ్ళు, ఎముకలు వంకరపోయే జబ్బులు అక్కడ మొదలవుతాయి. అందుకని పప్పీ ఫుడ్ పెడుతూ పైన కాల్షియం సిరప్ పోయకండి. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది చేతిలో ఆ సీసా ఉంటుంది!

బొగ్గుగని బిడ్డ | బల్లార్షా

డాక్టర్ సార్, శానా థాంక్స్. పిల్లను ఇచ్చినాయన కాల్షియం సీసా గూడ నా చేతిల పెట్టిండు, రోజూ రెండు చెంచాలు పొయ్యమన్నడు. పక్కన పెడుతున్న.

ఇంకోటి. ఒక బ్యాగుల మొదటి పదార్థం 'చికెన్', ఇంకోదాంట్ల మొదటిది 'చికెన్ మీల్'. చికెనే మంచిది కదా?

మూగజీవాల డాక్టరు | చంద్రపూర్

పదార్థాలను వండకముందు బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. పచ్చి కోడిమాంసంలో దాదాపు 70 శాతం నీరే. గుళికలుగా ఎండేసరికి ఆ నీరంతా పోతుంది, మొదటి స్థానంలో ఉన్న చికెన్ నిజానికి మూడో నాలుగో స్థానానికి దిగవచ్చు. చికెన్ మీల్ అంటే ముందే నీరు, కొవ్వు తీసి పొడి చేసినది, అందులో ప్రోటీన్ చిక్కగా ఉంటుంది. కాబట్టి మీల్ అని చూసి వెనక్కి తగ్గనక్కర్లేదు. ఏ జంతువుదో పేరు రాయాలి, అంతే. 'చికెన్ మీల్', 'ఫిష్ మీల్' అంటే తెలుస్తుంది. ఉత్త 'మీట్ మీల్' అంటే ఈ బ్యాచులో ఒకటి, వచ్చే బ్యాచులో ఇంకొకటి కావచ్చు.

ఇంకో కిటుకు గమనించండి. మొక్కజొన్న, మొక్కజొన్న గ్లూటెన్, మొక్కజొన్న తవుడు అని ఒకే ధాన్యాన్ని మూడు ముక్కలు చేసి రాస్తే ఒక్కొక్కటి కిందికి జరుగుతుంది, మాంసం పైకి వస్తుంది. మూడూ కలిపి చదివితే సంగతి తేలుతుంది. అలాగని మొక్కజొన్న చెడ్డది కాదు. బాగా ఉడికిన ధాన్యాన్ని కుక్క చక్కగా అరిగించుకుంటుంది. కాలేయం, గుండె లాంటి లోపలి భాగాలు 'బై ప్రొడక్ట్స్' అని రాసి ఉన్నా కంగారుపడకండి, అవి బలమైన తిండే.

కిన్వట్ మాస్టారు | కిన్వట్

డాక్టర్ గారికి నమస్కారం. నా సందేహం కాస్త వేరు. మా ఇంట్లో తరతరాలుగా కుక్కలకు జొన్నరొట్టె, మజ్జిగ, మిగిలిన పప్పు, ఆదివారం ఎముకలు. అన్నీ పదేళ్ళు పన్నెండేళ్ళు బతికాయి. సంచిలో వచ్చే తిండి లేకుండా ఇన్ని తరాలు గడిచాయి కదా. జీతం మీద బతికే కుటుంబాలను నెలకు వేల రూపాయల ఖర్చులోకి దింపడం న్యాయమా? వాదన కోసం అడగడం లేదు, మా పాఠశాలలో పిల్లలు వీధికుక్కపిల్లలను తెచ్చి పెంచుకుంటారు, వాళ్ళకు ఏం చెప్పాలో తెలియాలి.

మూగజీవాల డాక్టరు | చంద్రపూర్

మాస్టారూ, న్యాయమైన ప్రశ్న. ఊరి కుక్క మీ గిన్నెతో ఆగదు. పొలంలో ఎలుక, చెత్తకుప్పలో పేగులు, చచ్చిన పశువు దగ్గర ఎముక, ఇలా లోటు తానే తీర్చుకుంటుంది. పైగా పదిహేను కిలోల దగ్గర ఆగిపోయే ఒళ్ళు. గౌరి అలా కాదు. గేటు లోపల ఉంటుంది, ఏడాదిలో ఆరు కిలోల నుంచి ముప్పై కిలోల దాకా పెరగాలి. గిన్నెలో లేనిది దానికి ఇంకెక్కడా దొరకదు.

పాలన్నంలో ప్రోటీన్ చాలదు, ఇనుము, జింక్, రాగి చాలవు. పాలలోని చక్కెర అరగక చాలా పిల్లలకు విరేచనాలవుతాయి. పోనీ అని ఉత్త మాంసం పెడితే ఇంకో ప్రమాదం. మాంసంలో భాస్వరం మెండు, కాల్షియం బహు తక్కువ. శరీరం రక్తంలో కాల్షియం నిలబెట్టుకోవడానికి ఎముకల్లోంచి లాగుతుంది. కోడిమాంసం తప్ప ఏమీ పెట్టని పిల్ల మంచం మీంచి దూకితేనే కాలు విరగడం నేను చూశాను. వండిన ఎముకలు మాత్రం ఎవరికీ వద్దు మాస్టారూ, అవి చీలి పేగును కోస్తాయి.

వీధిపిల్లను పెంచే విద్యార్థికి నేను చెప్పేది ఇది: మొదటి ఆరు నెలలైనా సీలు ఉన్న మామూలు ధర పప్పీ ఫుడ్‌ను తిండిలో ప్రధాన భాగంగా ఉంచమనండి. చిన్న ఒళ్ళు కాబట్టి ఖర్చు తక్కువే. రొట్టె, గుడ్డు, పెరుగు లాంటి పైతిండి మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకుండా పెట్టుకోవచ్చు. దాటితే బ్యాగులోని సమతూకం చెదిరిపోతుంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ మాత్రం చిటికెడు కూడా వద్దని రాసి గోడకు అంటించండి. మిగిలిన పప్పు పెట్టాలన్నా తాళింపులో ఉల్లి, వెల్లుల్లి ఉన్నాయేమో చూసుకోవాలి.

కిన్వట్ మాస్టారు | కిన్వట్

తాళింపు సంగతి తెలియదు. రేపే తరగతిలో చెబుతాను. ధన్యవాదాలు.

జొన్నచేను | ధర్మాబాద్

ఖర్చు మాట వచ్చింది కాబట్టి నా లెక్క చెప్తా. నేను మిర్చి అడ్తిల ఖాతాలు రాస్త, అలవాటుగ దీనికి గూడ ఖాతా పెట్టిన. కిలో ధర చూసి కొనొద్దు. బ్యాగు వెనక కిలోకు ఎన్ని కిలోకేలరీలో ఉంటది, దాంతోని భాగించాలె. ఉదాహరణకు ఒకటి కిలో 300 రూపాయలు, 3300 కేలరీలు అనుకో. ఇంకోటి 420 రూపాయలు, 4000 కేలరీలు. వెయ్యి కేలరీలకు మొదటిది 91 రూపాయలు పడ్తది, రెండోది 105. దుకాణంల చూస్తే నలభై శాతం తేడా, గిన్నెల చూస్తే పదహారు శాతం లోపే. చిక్కటి దాణా తక్కువ పెట్టాలె, అందుకే సంచి ఎక్కువ రోజులొస్తది. కేలరీలు అచ్చు వెయ్యని కంపెనీ బ్యాగు నేను కొననే కొనను.

బొగ్గుగని బిడ్డ | బల్లార్షా

జొన్నచేను అన్నా, ఇది మస్తుగున్నది. మరి గౌరికి రోజుకు ఎంత పెట్టాలె? బ్యాగు మీద పట్టికల వయసుకు 150 నుంచి 260 గ్రాములని రాసి ఉన్నది. అంత తేడా ఉంటే ఏది పట్టుకోవాలె?

మూగజీవాల డాక్టరు | చంద్రపూర్

ఫోనులోని క్యాలిక్యులేటర్ తీయండి. బరువును మూడుసార్లు గుణించాలి, 6×6×6 అంటే 216. వర్గమూలం మీట రెండుసార్లు నొక్కండి, 3.83 వస్తుంది. దాన్ని 70తో గుణిస్తే 268. ఊరికే పడుకుని ఉన్నా ఒంటికి కావలసిన కేలరీలు ఇవి. నాలుగు నెలల లోపు పిల్లకు దీనికి మూడింతలు, అంటే సుమారు 805. ఆ తర్వాత ఎదిగేదాకా రెండింతలు. కిలోకు 3800 కేలరీల దాణా అయితే గౌరికి రోజుకు సుమారు 210 గ్రాములు, నాలుగు పూటలుగా. ఆరు నెలలు దాటాక రెండు పూటలు చాలు. వారానికోసారి తూచి మళ్ళీ లెక్క వేయండి. కప్పుతో కొలవకండి, వంటింటి త్రాసు వాడండి.

ఇది మొదలుపెట్టే అంకె మాత్రమే. అసలు కొలత మీ అరచేయి. పక్కటెముకల మీద చేయి ఆనిస్తే నొక్కకుండానే తగలాలి. పైనుంచి చూస్తే నడుము కనబడాలి. బొద్దుగా ఉంటే ముద్దొస్తుంది గాని లాబ్రడార్‌కు అదే శత్రువు. 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో 48 లాబ్రడార్లను పిల్లప్పటి నుంచి చివరిదాకా గమనించారు. జతలుగా చేసి, జతలో ఒకదానికి రెండోదాని కంటే నాలుగో వంతు తక్కువ పెట్టారు. తక్కువ తిన్నవాటి మధ్యగత ఆయుష్షు, అంటే సగం కుక్కలు దాటిన వయసు, 13 ఏళ్ళు, రెండో గుంపుది 11.2 ఏళ్ళు. కీళ్ళ అరుగుదల కూడా వాటిలో ఆలస్యంగా కనబడింది.

వేటకుక్క | దెగ్లూర్

పక్కటెముకల మాట మీద ఒక ముక్క. మా వైపు కారవానీ కుక్కలున్నయి, మీరు కారవాన్ హౌండ్ అంటరు. వాటికి చివరి మూడు నాలుగు పక్కటెముకలు కంటికే కనబడ్తయి, అది వాటి తీరు. కొత్తగ పెంచేటోళ్ళు లాబ్రడార్‌తో పోల్చి, బక్కగున్నదని సంచులకు సంచులు పెట్టి దాని పరుగు చెడగొడ్తరు. నేను ఉద్‌గీర్ పశువైద్య కాలేజీకి తీస్కపోయి చూపిచ్చిన, అక్కడోళ్ళు ఒళ్ళు సరిగ్గనే ఉన్నదన్నరు. జాతిని బట్టి చూడాలె.

మూగజీవాల డాక్టరు | చంద్రపూర్

అక్షరాలా నిజం. వేటజాతులకు తొడ కండ, వెన్ను మీది కండ చూడాలి, పక్కటెముకలు కాదు.

రాజురా రజని | రాజురా

డాక్టర్ గారూ, గ్రెయిన్ ఫ్రీ సంగతి మిగిలిపోయింది. మా పక్కింటోళ్ళు అదే తెస్తున్నరు, ధాన్యం తింటే కుక్కకు దురద వస్తదని దుకాణంల చెప్పిన్రంట.

మూగజీవాల డాక్టరు | చంద్రపూర్

ధాన్యం పడని కుక్కలు ఉన్నాయి గాని తక్కువ. తిండి వల్ల వచ్చే దురదల్లో గొడ్డుమాంసం, పాలు, కోడి ప్రోటీన్లే ఎక్కువగా కారణమవుతాయి. మన ప్రాంతంలో దురదకు ముందు చూడవలసినవి పిడుదులు, గోమార్లు.

గ్రెయిన్ ఫ్రీలో ధాన్యం తీసేసిన చోట బఠాణీ, పప్పులు, బంగాళాదుంప నింపుతారు. అలాంటి తిండి తిన్న కుక్కల్లో గుండె కండరం సాగి బలహీనపడే జబ్బు కనబడుతోందని 2018 జులైలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరిశీలన మొదలుపెట్టింది. తిండే కారణమని తేల్చలేదు, 2022 చివర్లో బహిరంగ ప్రకటనలు ఆపేసింది. తేలని విషయం కాబట్టి, వైద్య కారణం లేనప్పుడు ఎక్కువ డబ్బు పెట్టి ఆ దారిన వెళ్ళవద్దంటాను.

ప్రాణహిత | సిరొంచ

మాకు ఇక్కడ దుకాణమే లేదు, బ్యాగు మంచిర్యాల నుంచో చంద్రపూర్ నుంచో తెప్పించుకోవాలి. అందుకని ఒకేసారి పెద్ద సంచి కొంటాం. వానాకాలం నదిగాలికి గుళికలు మెత్తబడతాయి, మేలో చంద్రపూర్ ఎండ సంగతి చెప్పనక్కర్లేదు, 45 డిగ్రీలు దాటుతుంది. సంచి విప్పాక ఎన్నాళ్ళు ఉంచుకోవచ్చు డాక్టర్ గారూ? నేను ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత పెడుతున్నాను.

మూగజీవాల డాక్టరు | చంద్రపూర్

ఇది ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. ఎంత మంచి బ్యాగు తెచ్చినా మన ఎండకు, తేమకు చెడిపోతే చవక దాణా కంటే హీనం.

గుళికల మీద కొవ్వు పూత ఉంటుంది. గాలి, వేడి తగిలితే కనరెక్కుతుంది, విటమిన్లు నశిస్తాయి. విప్పిన బ్యాగును నాలుగు నుంచి ఆరు వారాల్లో ముగించాలి, ఎండాకాలం నాలుగే అనుకోండి. డబ్బాలో పోయకండి. బ్యాగుతో సహా డబ్బాలో పెట్టి, పైభాగం మడిచి క్లిప్పు పెట్టి, మూత వేయండి. పాత సంచి కొవ్వు డబ్బా గోడలకు అంటుకుని కొత్తదాన్ని పాడుచేస్తుంది. బ్యాచ్ నెంబరు, తారీఖు కూడా సంచి మీదే ఉంటాయి, అవసరం పడితే కావాలి. రేకుల గదిలో, వంటింటి గట్టు కింద వద్దు. చల్లగా ఉండే మూల చూడండి.

తేమ తగిలితే బూజు. బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం. అది కాలేయాన్ని తింటుంది, ఉడికించినా పోదు, ప్రతిసారీ కంటికి కనబడదు. 2020 డిసెంబరు చివర్లో అమెరికాలో మొక్కజొన్న నుంచి వచ్చిన ఈ విషం వల్ల ఒక దాణాను వెనక్కి రప్పించారు, వందకు పైగా కుక్కలు చనిపోయినట్టు ఎఫ్‌డీఏకు ఫిర్యాదులు అందాయి. ఖుల్లా సంచి విషయంలో రజని గారు అన్నదానికి నేను గట్టిగా తోడు నిలబడేది ఇందుకే. దుకాణంలో వాన నీటి గాలికి నోరు తెరుచుకుని ఉన్న సంచిలో ఏముందో నేను కూడా చూసి చెప్పలేను.

నానబెట్టి పెడితే గంటలోపు తిననిది తీసి పారేయండి. పొడి దాణాలో నీరు పదో వంతే, కాబట్టి మంచినీళ్ళ గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి.

జొన్నచేను | ధర్మాబాద్

తారీఖు మీద ఒక మాట. ఆన్‌లైన్‌ల భారీ తగ్గింపు కనబడితే బెస్ట్ బిఫోర్ దగ్గర పడ్డదేమో చూడుండ్రి. నేను సరుకు చేతికిచ్చే ముందే తారీఖు చదువుత, మూడు నెలల లోపు ఉంటే వాపసు పంపుత.

బొగ్గుగని బిడ్డ | బల్లార్షా

సీలు దాణా బ్యాగులున్న దుకాణంకు పోయి అన్నీ తిప్పి చదివిన. సూపర్ ప్రీమియం అని ఉన్నదాంట్ల కాల్షియం అంకెనే లేదు. డ్రూల్స్ ఉన్నది, అది మనకు దగ్గరనే, రాజ్‌నంద్‌గావ్‌ల తయారైతది. పెడిగ్రీ ఉన్నది, రాయల్ కానిన్ ఉన్నది. నాకు లార్జ్ బ్రీడ్ పప్పీది, కాల్షియం 1.3, ప్రోటీన్ 28, నీరు 10, కేలరీలు అచ్చయినది ఒకటి దొరికింది. మూడు కిలోల సీలు బ్యాగు తెచ్చిన. ఇయ్యాల్నే పాలన్నం ఆపెయ్యాల్నా?

మూగజీవాల డాక్టరు | చంద్రపూర్

మంచి ఎంపిక. నీరు తీసేస్తే కాల్షియం 1.44, హద్దుల్లోనే ఉంది. రోజుకు 210 గ్రాములంటే మూడు కిలోలు రెండు వారాల్లో అయిపోతుంది, పాడయ్యే భయం లేదు.

పాలు ఈరోజే ఆపేయండి. అన్నం మాత్రం నెమ్మదిగా తగ్గించండి. మొదటి రెండు మూడు రోజులు నాలుగో వంతు గుళికలు, తర్వాత సగం, తర్వాత ముప్పావు. వారం నుంచి పది రోజుల్లో పూర్తిగా మారాలి. గుళికలను గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నాననివ్వండి. దొడ్డి గట్టిగా, తక్కువగా వస్తుంటే అరుగుతోందని అర్థం. బాగా ఎక్కువగా, మెత్తగా వస్తుంటే నాకు రాయండి.

ఒక హెచ్చరిక. వాంతులు, నెత్తురు విరేచనాలు, తిండి ముట్టకపోవడం కనబడితే దాణా మారిందని సరిపెట్టుకోకండి. ఈ వయసులో అది పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు కావచ్చు, గంటలు కూడా లెక్కే, వెంటనే తీసుకురండి. టీకాలు మొదలయ్యాయా? నులిపురుగుల మందు ఎప్పుడు వేశారు?

బొగ్గుగని బిడ్డ | బల్లార్షా

మొదటి టీకా అయింది సార్, కార్డు ఉన్నది. పురుగుల మందు ఒక్కసారే ఏసిన్రంట.

మూగజీవాల డాక్టరు | చంద్రపూర్

మళ్ళీ వేయాలి. మూడు నెలలు వచ్చేదాకా రెండు వారాలకోసారి, అక్కడి నుంచి ఆరు నెలల దాకా నెలకోసారి. పురుగులున్న పొట్టకు ఎంత మంచి దాణా పెట్టినా ఒంటికి పట్టదు. ఈ వారం మీ ఊళ్ళోనే పశువుల దవాఖానాలో బరువు చూపించి వేయించుకోండి.

రాజురా రజని | రాజురా

తమ్మీ, గౌరికి నెల గడిస్తే మూడు కిలోల బ్యాగు చాలదు. పెద్ద బ్యాగు కిలోకు చవక పడ్తది, కానీ ఒక్క పిల్లకు నాలుగు వారాల్ల అయిపోవాలె కదా. మాది గూడ లార్జ్ బ్రీడ్ పప్పీదే, ఇంకా నాలుగు నెలలు అదే పెడ్తం. పన్నెండు కిలోలది కలిసి తెప్పిద్దామా? వర్ధా నది దాటితే మీ ఊరే, మా ఆయన డ్యూటీకి రోజూ వస్తడు. ఇప్పిన రోజే రెండు భాగాలు చేసుకుందాం, నీ భాగం నీ పాత బ్యాగుల పోసుకో, లోపల తుడిచి ఆరబెట్టి ఉంచు.

బొగ్గుగని బిడ్డ | బల్లార్షా

సరే అక్కా. బ్యాచ్ నెంబరు, తారీఖు ఫోటో తీసి నాకు గూడ పంపు. ఒకటో తారీఖు తర్వాత తెప్పిద్దాం.